పదమూడున్నర లక్షల డాలర్ల చిక్కుముడి

2008 ఐపీఎల్‌లో డెక్కన్ చార్జర్స్ 14 మ్యాచ్‌లు ఆడి 12 ఓడింది. ఎనిమిది జట్లలో అట్టడుగున నిలిచింది. ఏడాది తిరిగేసరికి, 2009 మే 24న, అదే జట్టు జోహానెస్‌బర్గ్‌లో కప్పు ఎత్తింది. అటూ ఇటూ కొందరు మారినా ముఖ్యులంతా పాతవాళ్లే. గిల్‌క్రిస్ట్, గిబ్స్, సైమండ్స్, రోహిత్ శర్మ, ఆర్పీ సింగ్, ప్రజ్ఞాన్ ఓఝా, మన వేణుగోపాలరావు. అడుగున పడిందీ వీళ్లే, పైకి లేచిందీ వీళ్లే. అలాంటప్పుడు 2008 ఫిబ్రవరి 20న ముంబైలో జరిగిన ఆ మొట్టమొదటి వేలంలో డెక్కన్ ఎంపిక తప్పా, ఒప్పా?

పాణ్యంలో ఈ వాదన ఇప్పటికీ తెగలేదు. కర్నూలు నుంచి నంద్యాల పోయే బస్సు ఆగే చోట టీ గ్లాసులు పట్టుకుని నిలబడితే, ఇవాళ్టి ఐపీఎల్ గురించి మొదలైన మాట ఎలా తిరిగినా సైమండ్స్ దగ్గరికి చేరుతుంది. "లక్ష్మణ్ మనోడు. మనోనికి మూడు ముప్పావు లక్షలంట, యాడనుంచో వచ్చినోనికి పదమూడున్నర లక్షలంట. డాలర్లు మామా అవి!" అని ఒకడంటాడు. "పేరు జూసి పాడినారు లేరా, పని జూసి కాదు" అని మామ అందుకుంటాడు. పక్కన గోరకల్లు నుంచి వచ్చినాయన, "మరి కప్పు ఎవరు తెచ్చినారప్పా?" అని ఒక్క మాట వేస్తాడు. అక్కడికి అందరూ కాసేపు ఆగుతారు. మళ్లీ మొదలవుతుంది.

ఆ మూడో ఆయన ప్రశ్నే నన్ను పట్టుకుంది. కళ్లెదుట కనిపించే జాడలన్నీ వరుసగా పేర్చి చూస్తే ముడి వీడుతుందని నా నమ్మకం.

మొదట ధరల పట్టిక. డెక్కన్ ఆ రోజు పెట్టిన పెద్ద మొత్తాలు ఇవి: ఆండ్రూ సైమండ్స్ 13 లక్షల 50 వేల డాలర్లు, ఆర్పీ సింగ్ 8 లక్షల 75 వేలు, రోహిత్ శర్మ 7 లక్షల 50 వేలు, ఆడం గిల్‌క్రిస్ట్ 7 లక్షలు, షాహిద్ అఫ్రిది 6 లక్షల 75 వేలు, హెర్షెల్ గిబ్స్ 5 లక్షల 75 వేలు. ఆ వేలం మొత్తం మీద సైమండ్స్‌ను మించి పలికింది ధోనీ ఒక్కడే. అతనికి చెన్నై 15 లక్షలు పెట్టింది. మన లెక్కలో సైమండ్స్ ధర ఐదు కోట్ల నలభై లక్షల రూపాయల దాకా తేలింది. ఆ ఏడాది జనవరిలోనే సిడ్నీ టెస్టులో హర్భజన్‌తో గొడవ, అదే టెస్టులో అజేయంగా 162 పరుగులు. ఆ మనిషి పేరు తెలియని ఇల్లు లేదు. పత్రికలన్నీ అతని చుట్టూనే తిరిగాయి. దాంతో 'డెక్కన్ మొదటి ఎంపిక' అంటే సైమండ్స్ అని జనం మనసులో ముద్ర పడిపోయింది.

కానీ వేలంపాట నడిచిన వరుస వేరు. డెక్కన్ తరఫున ముందుగా సుత్తి దెబ్బ పడింది గిల్‌క్రిస్ట్ పేరు మీద, తొలి విడతలోనే. సైమండ్స్ పాట ఆ తర్వాతిది. జట్టు మొదట చేతిలో వేసుకుంది వికెట్ల వెనక నిలబడే మనిషిని, ఇన్నింగ్స్ మొదలుపెట్టే మనిషిని, అవసరమైతే కెప్టెన్సీ చేయగల మనిషిని. ఒక్క ఆటగాడి ధరలో ముగ్గురి పని. ఇది కాగితం మీద మొదటి నుంచీ ఉంది. అయినా వాదనలో ఎవరి నోటా రాదు. ధర పెద్దదైతే ఎంపిక కూడా అదే పెద్దదని అనుకుంటాం.

ఇక లక్ష్మణ్ సంగతి. పాణ్యంలో ఎక్కువమందికి మంట ఇక్కడే. ఆ వేలానికి ముందు క్రికెట్ బోర్డు ఒక నిబంధన పెట్టింది. స్థానికంగా పేరున్న ఆటగాణ్ని 'ఐకాన్'గా ప్రకటిస్తే అతను వేలానికి రాడు. జట్టులో అందరికంటే ఎక్కువ ధర పలికినవాడి కంటే 15 శాతం అదనంగా అతనికి ఇవ్వాలి. ముంబైకి సచిన్, కోల్‌కతాకు గంగూలీ, బెంగళూరుకు ద్రవిడ్, మొహాలీకి యువరాజ్, ఢిల్లీకి సెహ్వాగ్ అలా ఉన్నారు. హైదరాబాద్‌కు లక్ష్మణ్ ఉండాల్సింది. జట్టు చేతిలో డబ్బు మిగలాలని వేలానికి ముందే ఆ హోదా అతనే వదులుకున్నాడు.

ఇప్పుడు లెక్క వేయండి. సైమండ్స్‌కు 13 లక్షల 50 వేలు పెట్టిన జట్టు లక్ష్మణ్‌ను ఐకాన్‌గా ఉంచుకుంటే అతనికి 15 లక్షల 52 వేల 500 డాలర్లు ఇవ్వాలి. అతనికి దక్కింది 3 లక్షల 75 వేలు. తేడా 11 లక్షల 77 వేల 500. ఆ తేడాలో రోహిత్ శర్మను కొన్నాక ఇంకా 4 లక్షల 27 వేల 500 మిగులుతాయి. ఆ మిగులు ఎంతటిదంటే, అప్పటి ఆస్ట్రేలియా కెప్టెన్ రికీ పాంటింగ్‌ను కోల్‌కతా కొన్నది 4 లక్షలకే. ప్రతి జట్టు ఖర్చుకూ బోర్డు పైహద్దు పెట్టిన రోజుల్లో ఆ 11 లక్షల పైచిలుకు చిన్న విషయం కాదు.

కాబట్టి 'మనోనికి తక్కువ, పరాయివానికి ఎక్కువ' అనే మాట సగమే నిజం. తక్కువ ఇచ్చారన్నది సరే. తక్కువ తీసుకోడానికి ఒప్పుకున్నది లక్ష్మణ్ అన్నది మిగతా సగం. ఈ జట్టు కథలో నాకు అన్నిటికంటే గొప్పగా కనిపించే ఘట్టం ఇదే. మైదానంలో ఆ మణికట్టు ఆటను చూసి మురిసిపోయినవాళ్లం ఈ ఆటను కూడా తలుచుకోవాలి. కెప్టెన్‌గా 2008లో అతను ఆరు మ్యాచ్‌లే ఆడి గాయంతో తప్పుకున్నాడు. 2009 ఫైనల్ ఆడిన పదకొండు మందిలోనూ లేడు. అయినా ఆ పదకొండు మంది ఒక్క చోట చేరడంలో అతని వాటా ఉంది.

అసలు ముడి ఉన్నది క్యాలెండర్లో. ఇక్కడ కాస్త నిదానంగా చూడాలి.

వేలం జరిగిన రోజు, ఫిబ్రవరి 20న, ఆస్ట్రేలియా జట్టు ముందు రెండు ప్రయాణాలున్నాయి. మార్చి చివర్లో పాకిస్తాన్ పర్యటన, మే నెలలో వెస్టిండీస్ పర్యటన. ఐపీఎల్ ఏప్రిల్ 18న మొదలై జూన్ 1న ముగుస్తుంది. అంటే దేశానికి ఆడుతున్న ఏ ఆస్ట్రేలియా ఆటగాడైనా ఆ తొలి ఏడాది ఐపీఎల్‌కు దాదాపు దొరకడు. పాంటింగ్‌కు 4 లక్షలు, హేడెన్‌కు 3 లక్షల 75 వేలు మాత్రమే పలకడానికి కారణం అదే. మిగతా జట్లు చాలావరకు ఈ లెక్క చూసుకునే పాడాయి. డెక్కన్ మాత్రం సైమండ్స్ కోసం ఆ లెక్కను దాటుకుని వెళ్లింది.

గిల్‌క్రిస్ట్ విషయం దీనికి సరిగ్గా తలకిందులు. ఆ జనవరిలో అడిలైడ్ టెస్టు జరుగుతుండగానే అతను రిటైర్మెంట్ ప్రకటించాడు. మార్చి మొదటి వారానికి అంతర్జాతీయ క్రికెట్ నుంచి పూర్తిగా బయటపడ్డాడు. ఇక అతనికి పాకిస్తాన్ లేదు, వెస్టిండీస్ లేదు. 14 మ్యాచ్‌లకు 14 మ్యాచ్‌లూ డెక్కన్‌వే. ఆడాడు కూడా. 436 పరుగులు చేశాడు. ఏప్రిల్ 27న నవీ ముంబైలో సచిన్ లేని ముంబై జట్టు మీద 47 బంతుల్లో 109 నాటౌట్. ఆ ఏడాది డెక్కన్ గెలిచిన రెండు మ్యాచ్‌ల్లో ఒకటి అది.

సైమండ్స్ ఆడింది నాలుగు మ్యాచ్‌లు. ఆ నాలుగైనా ఎలా వచ్చాయి? భద్రత కారణంగా పాకిస్తాన్ పర్యటన మార్చిలో వాయిదా పడింది. లేకపోతే హైదరాబాద్ ఉప్పల్ స్టేడియంలో ఆ ఏడాది ఎక్కువ రోజులు అతను కనిపించేవాడే కాదు. దుక్కి అదనుకు ఇంట్లో లేని ఎద్దును సంతలో అంత పెట్టి ఎవరు కొంటారని మా మామ అనేది ఇందుకే. 2008 ఒక్కదాన్నే చూస్తే ఆ మాటకు ఎదురు చెప్పలేం.

కానీ ఒప్పందం ఒక ఏడాదికి కాదు, మూడేళ్లకు. ఈ ఒక్క మాట తెలిస్తే పాణ్యం వాదన సగం తగ్గుతుంది. 2008లో సైమండ్స్ 161 పరుగులు చేశాడు. 2009లో ఆలస్యంగా వచ్చి ఎనిమిది మ్యాచ్‌ల్లో 249 చేశాడు. 2010లో 16 మ్యాచ్‌లు ఆడి 429 చేశాడు. అతని లెక్క ఏటేటా పెరుగుతూ పోయింది. మనం మాత్రం మొదటి ఏడాది దగ్గరే ఆగి తీర్పు చెప్పేశాం.

ఆ మొదటి ఏడాదిలో ఒక్క రాత్రి గురించి చెప్పకుండా ముందుకు పోలేను. 2008 ఏప్రిల్ 24, ఉప్పల్, ఎదురుగా రాజస్థాన్. సైమండ్స్ 53 బంతుల్లో 117 నాటౌట్. డెక్కన్ 214 పరుగులు. ఆ రోజుల్లో 214 అంటే గెలిచేసినట్టే. గ్రేమ్ స్మిత్ 71, యూసుఫ్ పఠాన్ 61 కొట్టి రాజస్థాన్‌ను దగ్గరికి తెచ్చారు. చివరి ఓవర్‌కు 17 కావాలి. బంతి ఎవరి చేతికి వచ్చింది? సైమండ్స్ చేతికే. క్రీజులో షేన్ వార్న్. బ్యాటింగ్‌కు పేరున్నవాడు కాదు. ఫోర్, సిక్సర్లు బాది, ఇంకో బంతి మిగిలుండగానే ఆట ముగించేశాడు. సెంచరీ కొట్టినవాడే ఓవర్ వేసి ఓడిపోయాడు. సెంచరీని మరిచిపోయి ఆ ఓవర్‌ను మాత్రం పట్టుకున్నాం. ఆ రాత్రి టీవీ ముందు కూర్చున్నవాళ్లకు సైమండ్స్ పేరు చెబితే ఇప్పటికీ ముందు గుర్తొచ్చేది వార్న్ బ్యాటే.

ఆ ఏడాది ఓటముల్ని విడివిడిగా చూస్తే జట్టు అంత చెడ్డదిగా కనిపించదు. బెంగళూరులో 3 పరుగుల తేడాతో ఓటమి. ఢిల్లీలో అమిత్ మిశ్రా హ్యాట్రిక్ తీసిన మ్యాచ్‌లో 12 పరుగుల తేడా. రాజస్థాన్‌తో ఒక్క బంతి తేడా. అందరూ చేతులెత్తేసిన రోజులూ ఉన్నాయి. సెహ్వాగ్ 41 బంతుల్లో 94 కొట్టి తొమ్మిది వికెట్లతో గెలిపించుకుపోయిన రోజు అలాంటిదే. కానీ అడుగున నిలవడానికీ, ఓ మెట్టు పైన నిలవడానికీ మధ్య ఉన్న దూరం మూడు ఓవర్ల ఆట.

ఇక్కడ అమెరికా మాట ఒకటి చెప్పాలి. అక్కడి ప్రొఫెషనల్ ఫుట్‌బాల్‌లో ఏటా డ్రాఫ్ట్ జరుగుతుంది. కాలేజీ ఆటగాళ్లలోంచి జట్లు వంతులవారీగా ఎంచుకుంటాయి. ముందటి ఏడాది అందరికంటే చివరన నిలిచిన జట్టుకే మొదటి వంతు. ఓడినవాడికి లేవడానికి ఒక ఊత. మొదటి రౌండ్లో తమ జట్టు ఎవర్ని ఎంచుకుంటుందా అని అక్కడి అభిమానులు నెలల తరబడి కొట్లాడుకుంటారు. అక్కడుండే మన తెలుగు పిల్లలు కూడా అందులో ఉంటారు. ఐపీఎల్‌లో డెక్కన్‌కు అలాంటి ఊత లేదు. 2009లో ఫిడెల్ ఎడ్వర్డ్స్ వంటి కొందరు కొత్తగా వచ్చారు, మన తిరుమలశెట్టి సుమన్ వెలుగులోకి వచ్చాడు, కోచ్‌గా డారెన్ లీమన్ వచ్చాడు, గిల్‌క్రిస్ట్ మొదటి రోజు నుంచే కెప్టెన్ అయ్యాడు. అంతే. మిగతాదంతా 2008లో కొన్న సరుకే.

ఆ మొదటి ఏడాది ఐపీఎల్‌లో నిజంగా డ్రాఫ్ట్ పద్ధతి నడిచింది ఒక్కచోట. 2008 మార్చిలో అండర్-19 ప్రపంచకప్ గెలిచి వచ్చిన కుర్రాళ్లను జట్లు అలా పంచుకున్నాయి. ఢిల్లీకి తమ ఊరి విరాట్ కోహ్లీని తీసుకునే వీలుంది. తీసుకోలేదు. సెహ్వాగ్, గంభీర్ ఉన్నారు కదా, బౌలర్ కావాలని ప్రదీప్ సంగ్వాన్‌ను తీసుకుంది. కోహ్లీ బెంగళూరు వెళ్లాడు. ఆ రోజు అవసరాన్ని బట్టి చూస్తే ఢిల్లీది తెలివితక్కువ పని కాదు. ఎంపిక చేసిన నాటి అవసరం వేరు, పదేళ్ల తర్వాత కనబడే ఫలితం వేరు. సైమండ్స్ విషయంలోనూ ఈ రెంటినీ కలిపేసుకునే మనం తగువు పడుతున్నాం.

2009లో ఎన్నికల వల్ల ఐపీఎల్ దక్షిణాఫ్రికాకు పోయింది. డెక్కన్ మొదటి నాలుగు మ్యాచ్‌లూ గెలిచింది. ఆపైన తడబడింది. ఏడు గెలిచి, ఏడు ఓడి, నాలుగో స్థానంతో సెమీస్‌లోకి జారుకుంది. సెంచూరియన్‌లో ఢిల్లీ మీద గిల్‌క్రిస్ట్ 35 బంతుల్లో 85. వేలంలో తొలి విడతలో కొన్నవాడు ఫైనల్‌కు దారి వేశాడు. ఫైనల్లో అతనే కుంబ్లే బౌలింగ్‌లో సున్నాకు అవుటయ్యాడు.

అప్పుడు ఎవరు నిలబెట్టారో చూడండి. గిబ్స్ 53 నాటౌట్. సైమండ్స్ 21 బంతుల్లో 33. డెక్కన్ 143. బెంగళూరు నెమ్మదిగా దగ్గరికి వస్తోంది. రాస్ టేలర్, కోహ్లీ ఆడుతున్నారు. గిల్‌క్రిస్ట్ బంతి సైమండ్స్‌కు ఇచ్చాడు. వరుస రెండు బంతుల్లో టేలర్ అవుట్, కోహ్లీ స్టంపౌట్. కోహ్లీ విషయంలో బంతి వేసింది సైమండ్స్, బెయిల్స్ లేపింది గిల్‌క్రిస్ట్. 2008 ఫిబ్రవరి 20న డెక్కన్ కొన్న ఇద్దరు ఆస్ట్రేలియన్లు ఒక్క బంతిలో కలిసిన చోటు అది. చివరి ఓవర్‌లో 15 కావలసి ఉంటే ఆర్పీ సింగ్ ఎనిమిదే ఇచ్చాడు. 8 లక్షల 75 వేలకు కొన్న ఆ ఎడమచేతి బౌలర్ ఆ ఏడాది 23 వికెట్లతో అందరికంటే ముందున్నాడు. డెక్కన్ ఆరు పరుగులతో గెలిచింది.

ఇన్ని తేలినా పాణ్యంలో సైమండ్స్ మీద కోపం ఎందుకు తగ్గలేదు? దీనికి జవాబు ఉప్పల్‌లో ఉంది. 2008లో సొంత మైదానంలో ఆడిన ఏడు మ్యాచ్‌లూ డెక్కన్ ఓడింది. గెలిచిన రెండూ నవీ ముంబైలో, చెన్నైలో. 2009 మొత్తం దక్షిణాఫ్రికాలో. 2010లో తెలంగాణ ఉద్యమం నడుస్తుండటంతో మ్యాచ్‌లు నాగపూర్, కటక్, నవీ ముంబైలకు తరలిపోయాయి. అంటే ఆ మూడేళ్ల ఒప్పందం కాలంలో హైదరాబాద్ స్టేడియంలో కూర్చున్న అభిమాని తన జట్టు ఒక్కసారైనా గెలవడం కళ్లారా చూడలేదు. కర్నూలు మీదుగా బస్సెక్కి ఉప్పల్ పోయి వచ్చినవాడు వెంట తెచ్చుకున్నది ఓటమే. కప్పు టీవీలో వచ్చింది. అందుకే సైమండ్స్ అనగానే మనవాళ్లకు జోహానెస్‌బర్గ్ వాండరర్స్ రాత్రి కంటే ఉప్పల్ రాత్రే ముందు గుర్తొస్తుంది. ఇది అభిమానుల తప్పు కాదు. గెలిచింది ఇంకెక్కడో.

సైమండ్స్ 2022 మే 14న టౌన్స్‌విల్ దగ్గర కారు ప్రమాదంలో చనిపోయాడు. అతని చివరి ఓవర్‌ను బాదిన వార్న్ అంతకు రెండు నెలల ముందే వెళ్లిపోయాడు. కనీసం ఇప్పుడైనా ఆ పాతలెక్కను సరిచేసి చెప్పుకోవాలి. ధర ఎక్కువే, మొదటి ఏడాదికి అది దండగే. మూడేళ్లకు కలిపి చూస్తే, ఫైనల్లో ఆ 33 పరుగులు, ఆ రెండు బంతులు చూస్తే, ఎంపిక తప్పు కాదు.

తప్పు జరిగింది వేరే చోట, వేరే ఏడాది. 2011 వేలానికి ముందు ప్రతి జట్టూ నలుగురు పాతవాళ్లను అట్టిపెట్టుకోవచ్చని బోర్డు వీలిచ్చింది. మొదటి ఆటగాడికి 18 లక్షల డాలర్లు లెక్క. చెన్నై నలుగురిని ఉంచుకుంది. ముంబై నలుగురిని ఉంచుకుంది. బెంగళూరు కోహ్లీని ఉంచుకుంది. డెక్కన్ ఒక్కర్నీ ఉంచుకోలేదు. అప్పటికి రోహిత్ శర్మకు 23 ఏళ్లు. 2009లో కోల్‌కతా మీద చివరి ఓవర్‌కు 21 కావలసి ఉంటే గెలిపించినవాడు, ముంబై మీద హ్యాట్రిక్ తీసినవాడు, తల్లి తరఫున విశాఖపట్నం బంధుత్వం ఉన్నవాడు. జనవరి వేలంలో ముంబై అతన్ని 20 లక్షల డాలర్లకు పాడుకుంది. అతని కెప్టెన్సీలో ముంబై ఐదుసార్లు ఐపీఎల్ గెలిచింది. వాటిలో రెండు, 2017లోనూ 2019లోనూ, ఒక్కో పరుగు తేడాతో ఉప్పల్ స్టేడియంలోనే గెలిచింది.